మందు ఇల్లు చేరితే చాలునా?

“రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే” అని మన పెద్దల సామెత. నేడు రోగీ కోరడం లేదు, వైద్యుడూ చెప్పడం లేదు. మధ్యన మూడోవాడొకడు వచ్చి “మందు మేము చెప్పిన చోటనే కొనాలి, పార్సిల్లో పంపిస్తాం, పుచ్చుకోండి” అంటున్నాడు. ఈ మూడోవాని మాట విన్నందుకు మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్పి, తర్వాత నా అభిప్రాయం మనవి చేస్తాను.

మా బాపుకు షుగరు. జగిత్యాల దగ్గర పల్లెలో ఉంటాడు. అన్నకు పట్నంలో ఉద్యోగం. అతని కంపెనీ ఆరోగ్య పథకంలో ఒక షరతు ఉంది. వాళ్లు చూపిన ఆన్‌లైన్ దుకాణం నుండి తెప్పిస్తేనే మందుల డబ్బు చెల్లిస్తారు. మే నెలలో వచ్చిన ఇన్సులిన్ పార్సిల్ ఊళ్లోకి రాలేదు. రోడ్డు మీది కిరాణా కొట్లో, రేకుల కప్పు కింద రెండు రోజులు పడి ఉంది. లోపలి ఐసు సంచి నీరై, ఆ నీరు కూడా వేడెక్కింది. “రోజు సూది ఏసుకుంటనే ఉన్న గని, షుగరు దిగుతలేదు బిడ్డా” అని బాపు ఫోను చేసేనాటికి వారం దాటింది. కరీంనగర్‌లో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. కొత్త సీసా తెప్పించి అదే మోతాదు ఇస్తే షుగరు దిగింది. పాతది ఎండకు చెడి ఉంటుందన్నారు డాక్టరుగారు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు సీసాలూ ఒకే తీరుగ ఉన్నాయి! భయమంతా అక్కడే ఉంది.

తెరవని ఇన్సులిన్ 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. గడ్డకట్టినా పనికిరాదు. రామగుండం, ఆదిలాబాద్ ఎండలు 45 డిగ్రీలు దాటుతాయని మనకొకరు చెప్పాలా? మామూలు గోలీల అట్టమీద కూడా ‘30 డిగ్రీలకు లోపు ఉంచవలెను’ అని ఉంటుంది. తగరపు డబ్బాలాంటి వ్యానులో ఆ మాట ఎవరు చదువుతారు?

తపాలాలో మందు కొత్తది కాదు. 1892లోనే బెంగాల్‌లో పోస్టాఫీసుల్లో క్వినైన్ పొట్లాలు పైసాకొకటి అమ్మారు. ఎందరికో మేలు జరిగింది. కానీ అది పొడిమందు. పైగా కొనమని ఎవరూ నిర్బంధించలేదు.

నిర్బంధం ఎట్లా ఉంటుందో అమెరికాలో ఉన్న మనవాళ్లనడగండి. అక్కడ చాలా ఇన్సూరెన్సు పథకాల్లో దీర్ఘరోగాల మందులు 90 రోజులకొకసారి వాళ్ల తపాలా దుకాణం నుండే తీసుకోవాలి. లేదా సొంత డబ్బు పెట్టుకోవాలి. దేశంలోని ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం మూడు మధ్యవర్తి కంపెనీల చేతుల మీదుగా పోతున్నాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో నివేదించింది. వీధి చివరి మందుల షాపు మూతపడితే మిగిలేది పార్సిలే కదా!

మన దేశంలో 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం డాక్టరు చీటీ మందును రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. ఆన్‌లైన్ అమ్మకాలకు 2018 ఆగస్టులో కేంద్రం ముసాయిదా నియమాలు వెలువరించింది. లైసెన్సు లేని అమ్మకాలను ఆపమని అదే ఏడు డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ముసాయిదా ఏళ్లతరబడి ముసాయిదాగానే ఉండిపోయింది, వ్యాపారం మాత్రం ఇంటింటికీ చేరింది.

అయితే పార్సిల్ మందు వద్దే వద్దని నేననను. ఉట్నూరు ఏజెన్సీలో వాన పడితే వాగు దాటలేని గూడేలున్నాయి. అక్కడి ముసలమ్మకు మందు నడిచి వస్తే అంతకన్నా కావలసిందేముంది? 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్ల మీద టీకాలు, మందులు పంపి చూశారు. శ్రద్ధ ఉంటే దారి దొరుకుతుంది. పోలియో చుక్కల సీసా మీద వేడి తగిలితే రంగు మారే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూసి ఆరోగ్య కార్యకర్త సీసాను పక్కన పెడుతుంది. పైసా తీసుకోని చుక్కలకున్న ఆ జాగ్రత్త, వందలు పోసి కొనే ఇన్సులిన్ పార్సిలుకు ఎందుకుండకూడదు?

నేను కోరేవి మూడే. పార్సిలా, షాపా అన్నది రోగి ఇష్టానికి వదలాలి. చల్లగా ఉంచవలసిన మందు మీద వేడి గుర్తు ఉండి తీరాలి. చెడిన మందుకు బదులు మందు అదే రోజు దగ్గరి షాపులో, పథకం ఖర్చు మీదనే దొరకాలి.

మిత్రులారా! మనలో చాలామంది తల్లిదండ్రులు పల్లెల్లో ఒంటరిగా ఉన్నారు. కొడుకు దుబాయిలోనో, బిడ్డ హాస్టల్లోనో. ఆర్డరు పెట్టేది మనమే, ఫోనులో ‘డెలివర్డ్’ అని చూసి నిశ్చింతగా పడుకునేది మనమే. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఆ పార్సిల్ ఎక్కడ దిగింది, ఎంతసేపు ఎండలో ఉంది అని అడగండి. మా బాపును నేను ఆ మాట వారం ఆలస్యంగా అడిగాను.