మైదానంలో గెలుపు, గదిలో ఓటమి

అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్‌లో జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ పోటీలకు జట్లను ఎంపిక చేస్తున్న తీరు మీదా, ఆ జట్లు సభ్యులుగా ఉండే కాన్ఫరెన్సులు టీవీ డబ్బు కోసం చీలి, కలిసి, రూపు మార్చుకుంటున్న తీరు మీదా అక్కడ ఏటా రగులుతున్న వివాదాలు పైకి రెండుగా కనిపించినా వాటి వేరు ఒక్కటే. జట్టు ఎన్ని ఆటలు గెలిచిందన్నదాని కన్నా అది ఏ కూటమిలో ఉందన్నదే దాని భవిష్యత్తును తేల్చేటప్పుడు ప్రతి విశ్వవిద్యాలయమూ బలమైన కూటమిలో చేరడానికే తాపత్రయపడుతుంది. చేరగలిగినవి చేరిపోయాక మిగిలిన కూటమి బక్కచిక్కుతుంది. బక్కచిక్కిన కూటమి విజేతను ఎంపిక సంఘం మరింత చిన్నచూపు చూస్తుంది. ఈ విషవలయం తెగాలంటే ప్రతి కాన్ఫరెన్సు విజేతకూ ప్లేఆఫ్‌లో చోటు హక్కుగా దక్కాలి, ఆ నియమం సీజను మొదలు కాకముందే కాగితం మీద ఉండాలి.

తెలుగు నేల మీద ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికన్లు ఆ పేరుతో పిలుచుకునేది కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, పొదివి పట్టుకుని పరుగెత్తుతూ, జట్టుకు పదకొండు మంది చొప్పున ఆడే ఆట. వృత్తి క్రీడాకారుల లీగుకు ఉన్నంత ఆదరణ అనేక రాష్ట్రాల్లో విశ్వవిద్యాలయ జట్లకూ ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయ మైదానంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. అత్యున్నత శ్రేణిలో 2025 సీజనులో 136 జట్లు ఉండగా, ఒళ్లు హూనమయ్యే ఆట కనుక వారానికి ఒకటికి మించి కుదరక ఒక్కో జట్టు సాధారణంగా ఆడేవి పన్నెండు ఆటలే. అందరూ అందరితో తలపడటం అసాధ్యం కాబట్టి ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలు కలిసి లీగులుగా ఏర్పడ్డాయి. కాన్ఫరెన్సులంటే ఈ లీగులే. దేశం మొత్తానికి విజేత ఎవరన్న ప్రశ్నకు దశాబ్దాల పాటు విలేకరులూ శిక్షకులూ వేసే ఓట్లే జవాబు. 1998లో ఆ ఓట్లకు కంప్యూటరు లెక్కలు తోడయ్యాయి. 2014లో పదమూడు మంది సభ్యుల ఎంపిక సంఘం వచ్చి నాలుగు జట్లను ఏరడం మొదలుపెట్టింది. 2024లో ఆ సంఖ్య పన్నెండయింది. విశ్వవిద్యాలయ క్రీడలను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ దిగువ శ్రేణుల ఫుట్‌బాల్‌కు జాతీయ పోటీ నిర్వహిస్తున్నా పై శ్రేణి ప్లేఆఫ్ మాత్రం దాని చేతిలో లేదు. కాన్ఫరెన్సులే దాన్ని నడుపుకుంటున్నాయి, రాబడినీ అవే పంచుకుంటున్నాయి.

నియమం ఉండాల్సిన చోట విచక్షణ ఉంటే ఏమవుతుందో 2023 డిసెంబరు 3న తేలిపోయింది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం ఆ ఏడాది పదమూడు ఆటలాడి పదమూడూ గెలిచింది. నవంబరు 18న టాలహాసీలో నార్త్ అలబామాతో ఆడుతుండగా దాని క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతి ఎత్తుగడనూ ముందుండి నడిపించే ఆటగాడు, జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అతని స్థానంలో వచ్చినవాడికీ దెబ్బ తగలడంతో కాన్ఫరెన్సు టైటిల్ పోరుకు మూడో క్వార్టర్‌బ్యాక్ దిగవలసి వచ్చినా ఆ జట్టు లూయీవిల్‌ను 16–6తో ఓడించి కప్పు ఎత్తింది. అంతకు ముందు వారం నాలుగో ర్యాంకులో ఉన్న జట్టు, గెలిచిన మర్నాడు ఐదో ర్యాంకుకు జారింది. ఒక ఓటమి ఉన్న టెక్సస్‌కూ ఒక ఓటమి ఉన్న అలబామాకూ చోటు దక్కింది. ముఖ్యమైన ఆటగాడు అందుబాటులో లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని నిబంధనల్లో ఉందన్నది సంఘం సమాధానం. తన కాలు సీజను మొదట్లోనే విరిగి ఉంటే ఈ జట్టు తన ఒక్కడి మీదే ఆధారపడలేదని అందరికీ తెలిసేదని ట్రావిస్ ఆనాడు బాధపడ్డాడు. తన గాయం తోటివారి గెలుపులను చెరిపేసిందని ఒక విద్యార్థి కుమిలిపోయే స్థితికి తెచ్చిన పద్ధతిని ఏ పేరుతోనైనా పిలవవచ్చు గానీ న్యాయం అనడానికి వీల్లేదు. ఆ తర్వాత ఆరెంజ్ బౌల్ అనే సీజను ముగింపు ఆటలో జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63–3తో చిత్తుగా ఓడటాన్ని సంఘం నిర్ణయానికి రుజువుగా చూపించేవారు, ప్రధాన ఆటగాళ్లు అనేకమంది ఆ ఆటకు దూరంగా ఉన్న సంగతిని పక్కన పెడుతున్నారు.

పెద్ద కాన్ఫరెన్సు జట్టుకే ఆ గతి పడితే చిన్నవాటి సంగతి చెప్పనక్కర్లేదు. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం లీగు దశలోనూ కాన్ఫరెన్సు టైటిల్ పోరులోనూ ఒక్కసారైనా ఓడకపోయినా సంఘం దానికిచ్చింది పన్నెండో ర్యాంకు. 2018 జనవరి 1న పీచ్ బౌల్‌లో అది ఆబర్న్‌ను 34–27తో ఓడించింది. ఆ ఆబర్న్ అప్పటికి రెండు నెలల లోపే జార్జియానూ అలబామానూ ఓడించి ఉంది. జాతీయ టైటిల్ కోసం తలపడింది ఆ జార్జియా, అలబామాలే.

జట్లను పన్నెండుకు పెంచితే గొడవ సద్దుమణుగుతుందన్న ఆశ 2025 డిసెంబరులో ఆవిరైంది. చివరి జాబితాకు ముందు వారం వరకు మయామీ కన్నా పైనున్న నోట్రడామ్, ఆ వారాంతంలో రెండు జట్లూ మైదానంలోకి దిగకపోయినా, మయామీ కన్నా కిందికి పడిపోయి పోటీకి దూరమైంది. ఆగస్టు 31న మయామీ నోట్రడామ్‌ను 27–24తో ఓడించిన మాట నిజమే, కాబట్టి మయామీకి చోటివ్వడం తప్పు కాదు; కానీ ఆ ఫలితం నవంబరులో ర్యాంకులు ప్రకటించిన ప్రతి వారమూ సంఘం కళ్లెదుటే ఉంది. మధ్యలో ఉన్న బ్రిగమ్ యంగ్ జట్టు ఓడి కిందికి దిగాక ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశామన్న వివరణ, అంతకు ముందు చూడలేదన్న ఒప్పుకోలే. అదే వారాంతంలో కాన్ఫరెన్సు టైటిల్ పోరులో జార్జియా చేతిలో 28–7తో ఓడి మూడో పరాజయం మూటగట్టుకున్న అలబామా మాత్రం తొమ్మిదో ర్యాంకు నుంచి అంగుళం కదలలేదు.

సంఘం సభ్యుల నిజాయతీని శంకించాల్సిన పని లేదు, వారిని కూర్చోబెట్టిన పీటే వంకర. డల్లాస్ దగ్గర గ్రేప్‌వైన్‌లోని ఒక హోటల్లో సమావేశమయ్యే ఈ సంఘంలో పలువురు విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాల అధిపతులు. తాను జీతం తీసుకునే విశ్వవిద్యాలయం ప్రస్తావన వచ్చినప్పుడు సభ్యుడు గదిలోంచి లేచి వెళ్లాలన్న నియమం ఉంది గానీ, తన కాన్ఫరెన్సులోని మిగతా జట్ల గురించి చర్చ జరిగేటప్పుడు కూర్చోవచ్చు, ఓటూ వేయవచ్చు. పన్నెండు జట్ల పద్ధతి నడిచిన తొలి రెండేళ్లలో ఎంపికైన ఒక్కో జట్టుకు దాని కాన్ఫరెన్సుకు 40 లక్షల డాలర్లు ముట్టాయి. ఎవరు ఎవరికి ఓటు వేశారన్నది బయటికి రాదు. తీర్పు చెప్పేవారికి తగవులో వాటా ఉన్నప్పుడు, తీర్పు ఎంత సవ్యంగా ఉన్నా ఓడినవారికి నమ్మకం కుదరదు.

ఇక కాన్ఫరెన్సుల కథకు మూలం 1984 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. ఏ జట్టు ఆటలు టీవీలో ఎన్నిసార్లు రావాలో అంతవరకు ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు వేసిన దావాలో ఆ గుత్తాధిపత్యం చెల్లదని కోర్టు 7–2 మెజారిటీతో తేల్చింది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బైరన్ వైట్ స్వయంగా కొలరాడో విశ్వవిద్యాలయానికి ఫుట్‌బాల్ ఆడినవారు కావడం గమనించదగ్గది. ఆ తీర్పుతో ప్రసార హక్కులు విశ్వవిద్యాలయాల చేతికీ, వాటి తరఫున కాన్ఫరెన్సుల చేతికీ వచ్చాయి, ఆనాటి నుంచి ప్రేక్షకులున్న జట్టును లాక్కోవడమే కాన్ఫరెన్సుల వ్యాపారమైంది. 2021లో టెక్సస్, ఓక్లహోమా తమ పాత కూటమి బిగ్ 12ను వదిలి ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్సు ఎస్ఈసీలోకి వెళ్లాలని నిశ్చయించుకున్నాయి. 2022లో లాస్ ఏంజెలెస్‌లోని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు మధ్య పశ్చిమ రాష్ట్రాలకు చెందిన బిగ్ టెన్ వైపు నడిచాయి. 2023 ఆగస్టు 4న, ఒక్క రోజులో, ఐదు విశ్వవిద్యాలయాలు పసిఫిక్ తీరపు పాక్–12కు వీడ్కోలు చెప్పాయి. 1915లో పుట్టిన ఆ కూటమిలో చివరికి ఇద్దరే మిగిలారు: ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. ఆ రెండూ చేసిన నేరం ఆటలో వెనకబడటం కాదు, కోర్వాలిస్, పుల్‌మన్ వంటి చిన్న ఊళ్లలో ఉండటం. టీవీ సంస్థలు లెక్కపెట్టే ఇళ్లు అక్కడ తక్కువ.

ఆ విధ్వంసానికి మూల్యం చెల్లిస్తున్నది ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయాలు అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్సు ఏసీసీలో, సాధారణ టీవీ వాటాలో దాదాపు మూడో వంతుకు ఒప్పుకుని చేరాయి. దాంతో అక్కడి వాలీబాల్ అమ్మాయి కాన్ఫరెన్సు ఆట కోసం బోస్టన్ వెళ్లాలంటే నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ఎగరాలి, మూడు గంటల కాలభేదాన్ని తట్టుకోవాలి, తిరిగొచ్చి పరీక్ష రాయాలి. 1910 నుంచి ఏటా జరిగిన ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్‌ల పోరు 2023 నవంబరు 4తో ఆగిపోయింది. తరాల తరబడి ఒక రాష్ట్రం ఇంటింటా మాట్లాడుకున్న ఆటను ఒక ఒప్పందం మాయం చేయగలిగినప్పుడు, ఆ ఒప్పందం తెచ్చిన కోట్లను ప్రగతి అనడం తగదు.

ఈ విషయం తెలుగువారికి పూర్తిగా పరాయిదేమీ కాదు. ఫ్లోరిడాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ప్రతి క్రెడిట్ గంటకూ ఇంత అని విద్యార్థుల దగ్గర క్రీడల ఫీజు వసూలు చేస్తాయి. విద్యారుణం తీసుకుని ఎంఎస్ చదవడానికి అక్కడికి వెళ్లిన గుంటూరు, కరీంనగర్ పిల్లలు ఒక్క ఆటైనా చూడకపోయినా ఆ ఫీజు కడుతూనే ఉన్నారు. క్రీడాకారులకు విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బు చెల్లించవచ్చని 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత, టీవీ వాటా తక్కువ ఉన్నచోట ఆ భారం ఫీజుల వైపు మళ్లే ప్రమాదం పెరిగింది. ప్లేఆఫ్ ప్రసార హక్కులకు టీవీ సంస్థ ఈఎస్‌పీఎన్ 2026 నుంచి ఆరేళ్లకు 780 కోట్ల డాలర్లు ఇస్తుండగా, అందులో బిగ్ టెన్‌కూ ఎస్ఈసీకీ చెరో 29 శాతం దాకా వెళుతుంది. చిన్న కాన్ఫరెన్సులన్నిటికీ కలిపి దక్కేది 9 శాతం. ఇది చాలదన్నట్టు, పదహారు జట్ల పోటీలో ఆ రెండు కాన్ఫరెన్సులకూ ముందే చెరో నాలుగు చోట్లు కట్టబెట్టాలన్న ప్రతిపాదన 2025లో చర్చకు వచ్చింది. చోట్లను ఆడకముందే పంచుకునే పోటీని పోటీ అనలేము.

చిన్న కాన్ఫరెన్సుల విజేతలు పెద్దవారి ముందు నిలవలేరన్న వాదనలో కొంత నిజముంది. 2025 ప్లేఆఫ్‌లో టులేన్ 41–10తో ఓడింది, జేమ్స్ మాడిసన్ 51–34తో ఓడింది. అయితే అదే పోటీలో అలబామా ఇండియానా చేతిలో 38–3తో ఓడింది. జేమ్స్ మాడిసన్ ఓటమి తేడా 17 పాయింట్లు, అలబామాది 35. చోటుకు తగదన్న మాట టులేన్, జేమ్స్ మాడిసన్‌లకు వర్తిస్తే అలబామాకూ వర్తించాలి. పన్నెండింటిలో పదో స్థానంతో అడుగుపెట్టిన మయామీ ఫైనల్ దాకా వెళ్లింది. తరతరాలుగా ఓటములకే పేరుపడ్డ ఇండియానా ఒక్క ఆటా ఓడకుండా విజేత అయింది. ఎవరు ఎంత బలవంతులో ముందే తెలుసుననే పండితులకు ఇంతకన్నా గట్టి జవాబు దొరకదు.

అంతకన్నా కష్టమైన ప్రశ్న డ్యూక్‌ది. 2025లో ఏసీసీ విజేతగా నిలిచినా ఐదు ఓటములున్నందున డ్యూక్‌కు ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. విజేతలందరికీ చోటన్న నియమం ఉంటే అది లోపల ఉండేది, చాలామందికి అది మింగుడుపడదు. కానీ ఆ చిక్కు ఎక్కడ పుట్టిందో చూడాలి. ఫుట్‌బాల్‌లో పదిహేడు జట్లకు ఉబ్బిన కాన్ఫరెన్సులో ఒక్కో జట్టు ఆడింది ఎనిమిది ఆటలే కనుక ఐదు జట్లు సమానంగా రెండో స్థానంలో నిలిచాయి; ఒకదానితో ఒకటి అన్నీ ఆడనందున, ప్రత్యర్థుల గెలుపోటముల లెక్కతో డ్యూక్‌ను టైటిల్ పోరుకు పంపారు. కాన్ఫరెన్సు తొమ్మిది, పది జట్లదై ఉంటే అందరూ అందరితో ఆడేవారు, ఆ లెక్కల అవసరమే వచ్చేది కాదు. విజేతకు చోటు ఖాయమన్న నియమం ఉన్ననాడు కాన్ఫరెన్సు పరిమాణం తగ్గించుకోవడమే లాభం, ఉబ్బిపోవడం కాదు.

ఇవే విశ్వవిద్యాలయాలు బాస్కెట్‌బాల్‌లో ఈ నియమాన్ని ఏనాడో ఒప్పుకున్నాయి. 68 జట్లు ఆడే ఆ జాతీయ పోటీలో ప్రతి కాన్ఫరెన్సు విజేతకూ చోటు ఖాయం. 2018లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ బాల్టిమోర్ కౌంటీ శాఖ నంబర్ వన్ జట్టయిన వర్జీనియాను 74–54తో మట్టికరిపించింది, ఆ పోటీ ఆదరణ దానివల్ల పెరిగిందే తప్ప తగ్గలేదు. ఫుట్‌బాల్‌లోనూ పదహారు జట్లకు పోటీని విస్తరించి, పది కాన్ఫరెన్సుల విజేతలకూ చోటిచ్చి, మిగిలిన ఆరింటిని ముందే ప్రచురించిన లెక్క ప్రకారం నింపడం అసాధ్యమేమీ కాదు. ఆ ఆరింటి ఎంపికలో విశ్వవిద్యాలయాల జీతగాళ్లు ఉండకూడదు, ప్రతి ఓటూ పేరుతో సహా బయటపెట్టాలి. ఫుట్‌బాల్ కూటములు ఎక్కడికి పాకినా వాలీబాల్, సాఫ్ట్‌బాల్ వంటి క్రీడలను తిరిగి ఇరుగుపొరుగు లీగులకు చేర్చాలి.

ఈ మార్పు చేయగలవారు పదకొండు మంది: పది కాన్ఫరెన్సుల తరఫున ఒక్కొక్కరు, ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్సులోనూ లేని నోట్రడామ్ తరఫున ఒకరు చొప్పున ప్లేఆఫ్ పాలకమండలిలో కూర్చునే విశ్వవిద్యాలయ అధ్యక్షులు. వారు విద్యావేత్తలు, పరీక్ష పెట్టాక మార్కుల పద్ధతి మార్చిన అధ్యాపకుణ్ణి తమ ప్రాంగణంలో వారు క్షమించరు. తమ ఆటగాళ్లకూ అదే న్యాయం వర్తింపజేయాలి; తదుపరి సీజను తొలి ఆటకు ముందే ఆ నియమాన్ని రాసి, సంతకం చేసి, దేశం ముందు పెట్టాలి.