గృహిణీ విజ్ఞానము: కారు ముందరి యద్దము

పగిలిన వస్తువులలో బాగుచేయించి వాడుకొనదగినది యేది, విడిచిపెట్టి క్రొత్తది తెచ్చుకొనవలసినది యేది యని నిర్ణయించుట గృహిణికి గల ముఖ్యమైన నేర్పులలో నొకటి. కాఱుచున్న యిత్తడిబిందెకు మాటు వేయింతుము. బీటువాఱిన గాజుగ్లాసులో వేడిపాలు పోయము. ఈ వివేకమును మనము వంటయింటివఱకే యుంచుకొని, వాకిట నున్న కారు మాట వచ్చినపుడు మాత్రము "అది మగవారి వ్యవహారము" అని యూరకుందుము. ఆ బండిలో ముందువైపున కూర్చుండువారము మనమే గదా! మన కన్నులయెదుట నుండు నద్దమునుగూర్చి మనకేల తెలియరాదు?

ఒంగోలు ప్రాంతమునుండి యొక సోదరి మాకు వ్రాసిన జాబు ఈ ప్రసంగమునకు కారణము. చీమకుర్తి రాతిగనుల లారీలు తిరుగు త్రోవలో పోవుచుండగా, ముందు లారీ చక్రము క్రిందినుండి యొక కంకరరాయి యెగిరివచ్చి వారి కారు ముందరి యద్దమునకు తగిలినదట. ఎడమప్రక్కన కందిగింజంత గుంట పడి, దానిచుట్టు సాలెపురుగు కాళ్లవలె సన్నని గీట్లు కొన్ని యేర్పడినవట. "కనబడుటయే లేదు గదా, వచ్చే యేడు చూచుకొందము" అని భర్తగారు, "మొత్తము మార్చవలసినదే" యని షెడ్డువాడు, "ఇన్సూరెన్సు ఉన్నది గదా వదినా, మన చేతిఖర్చేమున్నది?" అని మరిదిగారు. ఈ మూడు మాటలలో నేది నిజమని యామె మమ్మడిగినది. పసిబిడ్డను ఒడిలో నుంచుకొని తానా యద్దమువెనుకనే కూర్చుందునని కూడ వ్రాసినది.

మూడింటను కొంత నిజమును, కొంత పొరపాటును గలవు. అది తేలవలెనన్న ముందుగా ఆ యద్దము నిర్మాణమును తెలిసికొనవలెను.

కారు ప్రక్కతలుపుల యద్దములును, ముందరి యద్దమును సామాన్యముగా నొకే జాతివి కావు. ప్రక్కయద్దములను బాగుగా కాచి త్వరగా చల్లార్చిన గట్టిగాజుతో చేయుదురు. అవి పగిలినపుడు కలకండ పలుకులవలె చిన్నచిన్న ముక్కలై రాలిపోవును. ముందరి యద్దమట్లు గాదు. అది రెండు పలుచని గాజుపలకల జంట. వాని నడుమ పీ.వీ.బీ. యను తెల్లని పారదర్శకపు ప్లాస్టిక్కు పొర, ముప్పాతిక మిల్లీమీటరు మందము గలది, అతుకబడి యుండును. దెబ్బ తగిలి గాజు చిట్లినను ముక్కలాపొరనే కఱచుకొని నిలుచునుగాని సామాన్యముగా మన మీద రాలవు. ఇట్టి జంటగాజునకు ఫ్రాన్సుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ఎడ్వార్ బెనెడిక్టస్ 1909లో పేటెంటు పొందెను. ఆనాటి నడుమపొర సెల్యులాయిడుతో చేసినది, ఎండకు పసుపుబాఱెడిది. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారువాహన నియమములు ముందరి యద్దము జంటగాజుగానే యుండవలెననియు, వెలుతురులో నూటికి 70 పాళ్లైనను దానిగుండ లోనికి రావలెననియు శాసించుచున్నవి.

గాలిని, వానను ఆపుటయేకాక ఈ యద్దమునకు మఱి రెండు పనులు గలవు. బండి బోల్తాపడినపుడు పైకప్పు క్రుంగకుండ కొంత బలము నిచ్చును. ప్రమాదసమయమున ఎడమసీటు ముందరి ఎయిర్‌బ్యాగు విచ్చుకొనునపుడు, పెక్కు కార్లలో నా సంచి యీ యద్దమునే యానుకొని మనవైపునకు నిలుచును. అద్దము సరిగా నతుకక యూడివచ్చెనా, సంచికి ఆధారమే యుండదు.

ఇచ్చట ఒడిలోని బిడ్డమాట చెప్పక తప్పదు. ఆ సంచి రెప్పపాటులో మహావేగముతో విచ్చుకొనును. దానికిని మనకును నడుమ పసిబిడ్డ యున్నచో దెబ్బయంతయు బిడ్డదే. తల్లిచేతుల పట్టు ఎంత గట్టిదైనను ఆ వేగమునకు చాలదు. బిడ్డ స్థానము వెనుకసీటు, పిల్లలకొఱకై చేసిన ప్రత్యేకపు కుర్చీ. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము ప్రకారము 14 ఏండ్లలోపు పిల్లలకు బెల్టుగాని యట్టి కుర్చీగాని లేకున్నచో వేయి రూపాయల జుర్మానా గలదు. జుర్మానా మాట యటుంచి, అద్దము బాగుచేయించుటకంటె ముందుగా చేయవలసిన మార్పు ఇదియే.

ఇక మచ్చ సంగతి. బట్ట చింపవలసినపుడు అంచున కత్తెరతో నొక చిన్నగాటు పెట్టి లాగుదుము. బలమంతయు నాగాటు కొనకు చేరి బట్ట సర్రున చినుగును. గాజులోని గీటును ఇట్టిదే యని ఇంగ్లాండున గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుడు 1921లో నిరూపించెను. మన యెండకాలమున బయట నిలిపిన కారు అద్దము చేయి పెట్టరానంతగా కాగును. ఎక్కినతోడనే ఏ.సీ. చల్లగాలిని అద్దముమీదికి విడుతుము. వెలుపల వేడి, లోపల చలి. ఆ పెనుగులాటలో గీటు జానెడు సాగుటకు క్షణము చాలును. కాగిన యద్దముమీద చన్నీరు చల్లుట, గుంటలలో బండి ఎగిరిపడుట, తలుపులు దభాలున వేయుట కూడ ఇట్లే కీడు చేయును. అంతేకాక ఆ గుంటలోనికి దుమ్మును, నీరును చేరినకొలది బాగుచేయుటకు వీలు తగ్గుచుండును.

కావున మచ్చ పడిన దినముననే వెలుపలివైపున తెల్లని సెల్లోటేపు ముక్క యంటింపుడు. సబ్బునీరు దగ్గఱకు రానీయకుడు. బండిని నీడను నిలుపుడు. ఏ.సీ. గాలిని కొన్నాళ్లు అద్దమువైపు త్రిప్పకుడు. వారము దాటకుండ బాగుచేయువారికి చూపుడు.

బాగుచేయు విధమిది. గుంటమీద చిన్న పరికరము నమర్చి లోపలి గాలిని తీసివైచి, రెజిను అను పలుచని బంకను గీట్లకొనలవఱకు ఎక్కింతురు. పిదప అతినీలలోహిత దీపకాంతితో దానిని గట్టిపఱచి, పైభాగమును చదునుచేయుదురు. అరగంట మొదలు గంటలోపల పని తీఱును. మచ్చ పూర్తిగా మాయము కాదు. మసకగా నానవాలు మిగులును. గీటు సాగకుండ నిలుచుటయే లాభము. ఖర్చు క్రొత్త యద్దపు వెలలో స్వల్పభాగము మాత్రమే.

అయితే ప్రతి దెబ్బయు దీనికి లొంగదు. దెబ్బ వెలుపలి పలకకే తగిలి యుండవలెను. రూపాయినాణెమునకు మించరాదు. అద్దపు అంచును తాకరాదు. బండి నడుపువారి చూపునకు సూటిగా నుండరాదు. ఏలన మిగిలిన మసక రాత్రివేళ నెదుటిబండ్ల దీపములకు మెఱసి కన్ను చెదరగొట్టును. ఇంగ్లాండులో ఏటేట జరుగు బండిపరీక్షయందు నడుపువాని కెదురుగా 10 మిల్లీమీటర్లకు, వైపరు తుడుచు తక్కిన భాగమున 40 మిల్లీమీటర్లకు మించిన దెబ్బ యున్నచో బండిని నెగ్గనీయరు. పొడుగుగా సాగిన గీటునకు, అంచుచేరిన గీటునకు, లోపలి పలకకును తగిలిన దెబ్బకు అద్దము మార్చుటయే మందు.

మార్చునపుడు చూడవలసినవి నాలుగు గలవు. మొదటిది, క్రొత్త యద్దపు మూలను ఐ.ఎస్.ఐ. ముద్రయు, తయారుచేసినవారి పేరును ఉన్నవేమో కనుగొనుడు. రెండవది, అద్దమునంటించు జిగురు. పాలీయురెథేను అను నీజిగురు గాలిలోని తేమను పీల్చి మెల్లమెల్లగా గట్టిపడును. దాని రకమునుబట్టి గంటయో, కొన్ని గంటలో బండి కదలింపరాదు. ఎంతసేపో షెడ్డువానిని ముందుగా నడిగి, అంతసేపును నిలువుడు. ఒకదినము తలుపులు మెల్లగా వేసికొనుచు, కిటికీని అంగుళము తెఱచియుంచి, పైపునీటితో కడుగుట మానవలెను. మే మెఱిగిన యొక కుటుంబమువారు పెండ్లిముహూర్తము మించునను తొందరలో జిగురు ఆఱకమునుపే బండి తీసికొనిపోయిరి. తొలకరివానకే నీరు లోనికి కాఱి, అద్దమును మఱల నూడదీసి పెట్టింపవలసివచ్చెను. నీరు కాఱినది గనుక లోపము తెలిసినది. కాఱకున్నచో ఆ బలహీనపుటద్దము వెనుకనే పిల్లాపాపలతో తిరుగుచుండెడివారు గదా!

మూడవది, కొన్ని క్రొత్తకార్లలో అద్దము వెనుక చిన్న కెమెరా యుండి, ఎదురు ప్రమాదములను కనిపెట్టుచుండును. అద్దము మార్చిన పిదప దానిని మఱల సరిచూడవలెను. నాల్గవది, టోల్‌గేటు ఫాస్టాగు. పాతయద్దమునుండి పెఱికినచో నది చెడును. క్రొత్తదానికై ఇచ్చిన బ్యాంకువారినే యడుగవలెను.

ఇన్సూరెన్సు మాట. కేవలము థర్డుపార్టీ పాలసీ యైనచో మన యద్దమునకు పైసయైన రాదు. సొంతబండి నష్టమునకును పాలసీ యున్నచో గాజుభాగములకు తరుగుదల పట్టుకొనరు. ఇది మనకు మేలు. కాని 1500 సీ.సీ. వఱకు గల కార్లకు వేయి రూపాయలు, ఆపై వానికి రెండువేలు మనమే భరింపవలెను. అంతకంటె ముఖ్యము, క్లెయిము చేయని యేడులకు ప్రీమియములో వచ్చు తగ్గింపు. అది తొలియేట నూటికి 20తో మొదలై అయిదవయేటికి 50 వఱకు పెరుగును. చిన్నమచ్చకై క్లెయిము చేసినచో ఆ తగ్గింపు పోవచ్చును. పాలసీకాగితము చదివి, రెండులెక్కలును వేసి చూచి పిదప నిర్ణయింపుడు.

కావున ఒంగోలు సోదరికి మా సమాధానమిది. మీ మచ్చ చిన్నది, ఎడమప్రక్కది. అంచుకు దూరముగ నుండి, లోపలి పలక నున్నగా నున్నచో నేడే బాగుచేయింపుడు. షెడ్డువాడు చెప్పినట్లు మొత్తము మార్చనక్కఱలేదు. మరిదిగారు చెప్పినట్లు క్లెయిమునకు పోనక్కఱలేదు. భర్తగారు చెప్పినట్లు వచ్చే యేటివఱకు ఆగరాదు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట మన పెద్దలు మెచ్చని పని. బిడ్డను మాత్రము నేటినుండియే వెనుకసీటునకు మార్పుడు.

ఇవి మగవారి సంగతులని యింకను సంకోచించు సోదరీమణులు గలరేని, ఒక్కమాట. వానను, మంచును తుడుచుటకు ఇట్టి యద్దముమీద ఆడు వైపరునకు 1903లో అమెరికాలో పేటెంటు పొందినది మేరీ ఆండర్సన్ అను స్త్రీ. ట్రాముబండిలో పోవుచు, మంచువలన త్రోవ కానక నడుపువాడు పడు కష్టమును చూచి యామె దానిని ఆలోచించెను. ప్రయాణించుచు కన్నులు తెఱచి చూచుటయే యామెకు గురువైనది. రేపటి యుదయమున తడిగుడ్డతో మీ కారు అద్దమును మీరే యొకసారి తుడిచి, వ్రేలికొనతో తడవి చూడుడు.