ఇంటర్నెట్ ఫోను పెట్టె: జామీను ఎవరిది?

గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోను చేస్తే ఇక్కడ తల్లి చేతిలోని సెల్‌ఫోనులో ఏ నంబరు కనిపించాలి? సౌదీ నుంచి అయితే 966తో, ఎమిరేట్స్ నుంచి అయితే 971తో, కువైట్ నుంచి అయితే 965తో మొదలయ్యే నంబరు కనిపించాలి. కానీ కడప, రాయచోటి, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో, హైదరాబాద్ పాతబస్తీలో గల్ఫ్ కుటుంబాలకు మరో అనుభవం కూడా ఉంది. ఏ రాష్ట్రానిదో తెలియని పది అంకెల మన దేశపు నంబరు మోగుతుంది. ఎత్తితే అవతల కొడుకే. "అమ్మీ, నేనే" అంటాడు. ఆ నంబరుకు తిరిగి చేస్తే ఎవరూ పలకరు. తల్లి దాని గురించి ఆలోచించదు. బిడ్డ గొంతు వినబడింది, ఆమెకు అంతే చాలు.

ఆ నంబరు ఎవరిది? ఈ ప్రశ్న మేము కూడా చాలాకాలం వేసుకోలేదు. ఈమధ్య మా దగ్గర చదువుకున్న ఒక యువకుడు ఇంటికి వచ్చినప్పుడు వేసుకోక తప్పలేదు.

అతను డిగ్రీ పూర్తి చేశాడు. ఉద్యోగం దొరకక సెల్‌ఫోన్ల రిపేరు దుకాణంలో కూర్చుంటున్నాడు. టెలిగ్రామ్‌లో పరిచయమైన ఎవరో అతనికి ఒక పని చూపించారు. 'ఇంటర్నెట్ ఫోను గేట్‌వే' అనే పెట్టెను వాళ్లే పార్సిల్‌లో పంపుతారు. ఇతను ఒక గది, బ్రాడ్‌బ్యాండ్ కనెక్షను, కరెంటు పోతే నడవటానికి ఇన్వర్టరు, కొన్ని సిమ్‌కార్డులు సమకూర్చుకోవాలి. పెట్టెను అమర్చి, ఆగిపోకుండా చూసుకుంటే నెల నెలా జీతం వస్తుంది. అమర్చే పద్ధతంతా ఉర్దూ, హిందీ కలిసిన భాషలో రాసి పంపారు. అందులో కొన్ని మాటలు తెలియక మా దగ్గరకు తెచ్చాడు. "ఉస్తాద్, ఇది చేయవచ్చా?" అని అతను అడగలేదు. "ఇది ఎలా చేయాలో కాస్త చెప్పండి" అన్నాడు.

మాకు భాష తెలుసు, యంత్రం తెలియదు. అతనికి యంత్రం తెలుసు, భాష పూర్తిగా తెలియదు. ఇద్దరం కలిసి కూర్చుని ఒక సాయంత్రం ఆ కాగితాన్ని చదివాం. మేము తెలుసుకున్నది పాఠకుల ముందు పెడుతున్నాం, ఎందుకంటే ఇలాంటి కాగితం రేపు ఏ ఇంటికైనా రావచ్చు.

గేట్‌వే అంటే ద్వారం. ఒకవైపు మామూలు టెలిఫోను లోకం, మరోవైపు ఇంటర్నెట్. ఈ రెండింటి భాషలు వేరు. మధ్యలో కూర్చుని దుబాసీ పని చేసేదే ఈ పెట్టె. మనిషి గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలను సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు చొప్పున చిన్న చిన్న పొట్లాలు కట్టి ఇంటర్నెట్‌లోకి వదులుతుంది. వీటినే ప్యాకెట్లంటారు. అవతల మరో యంత్రం వాటిని విప్పి, వరుస పెట్టి, తిరిగి గొంతుగా మారుస్తుంది. జి.711 అనే పద్ధతిలో గొంతుకు సెకనుకు 64 కిలోబిట్లు కావాలి. జి.729 పద్ధతిలో నొక్కి పంపితే 8 కిలోబిట్లే చాలు. ఒక వైపు ప్రయాణానికి సెకనులో ఏడో వంతు కంటే ఎక్కువ ఆలస్యమైతే మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్లు తెలుస్తుంది. గల్ఫ్ కాల్స్‌లో "హలో, వినబడుతోందా?" అని ఇద్దరూ ఒకేసారి అనటం అందరికీ అనుభవమే.

అమర్చటం పెద్ద విద్యేమీ కాదు. రౌటరు నుంచి ఒక తీగ తెచ్చి పెట్టెకు పెట్టాలి. కంప్యూటరులో దాని చిరునామా కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. కాల్స్ పంపే సర్వరు చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డు అందులో నింపాలి. పిలవటం, మోగటం, ఎత్తటం, పెట్టేయటం వంటి సంకేతాలను 'సిప్' అనే విధానం మోస్తుంది. గొంతు వేరే దారిన పోతుంది. అందుకే సెట్టింగు తప్పితే ఫోను మోగుతుంది గాని మాట ఒకవైపే వినబడుతుంది. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్చకుండా వదిలేస్తే బయటి దొంగలు అందులో దూరి, యజమాని ఖర్చుతో విదేశాలకు కాల్స్ చేసుకుంటారు.

ఇలాంటి పెట్టెలు నేరమా? కానే కాదు. ఎన్నో ఆసుపత్రులు, పాఠశాలలు, కార్యాలయాలు పాత టెలిఫోన్లను పారేయకుండా ఇలాంటి గేట్‌వేలకు కలిపి వాడుకుంటున్నాయి. లైసెన్సున్న టెలిఫోను సంస్థ నుంచి లైను తీసుకుని, తమ సిబ్బంది మాట్లాడుకోవటానికి నిబంధనల ప్రకారం పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

అయితే మా యువకుడికి వచ్చిన కాగితంలోని పెట్టె వేరు. దానికి టెలిఫోను తీగ పెట్టే చోటు లేదు. ముప్పై రెండు సిమ్‌కార్డులు దూర్చే గళ్లున్నాయి, వాటికి యాంటెన్నాలున్నాయి. పోలీసు భాషలో దీన్ని 'సిమ్ బాక్స్' అంటారు. అప్పుడు తల్లి ఫోనులో కనిపించే వింత నంబరు ఎక్కడిదో మాకు అర్థమైంది. కొడుకు దమ్మాములోనో షార్జాలోనో చౌక కాలింగ్ కార్డుతో, లేదా ఏదో యాప్‌తో ఫోను చేస్తాడు. ఆ కాల్ ఒక దళారీ చేతి నుంచి మరో దళారీ చేతికి మారుతూ, ఇంటర్నెట్ మీద వచ్చి ఎవరి గదిలోనో ఉన్న ఈ పెట్టెలో దిగుతుంది. అక్కడి నుంచి ఒక సిమ్ ద్వారా లోకల్ కాల్‌గా తల్లికి చేరుతుంది.

ఇందులో లాభం ఎక్కడుంది? విదేశీ కాల్‌ను మన దేశంలో దింపుకున్నందుకు ఇక్కడి టెలిఫోను కంపెనీకి రుసుము చెల్లించాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీన్ని 2020 మే 1 నుంచి నిమిషానికి 35 పైసల నుంచి 65 పైసల మధ్య ఉండేలా నిర్ణయించింది. దేశం లోపలి కాల్స్‌కు కంపెనీలు ఒకదానికొకటి చెల్లించుకునే రుసుము మాత్రం 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. పైగా నెలకు ఇంతని కడితే ఎంతసేపైనా మాట్లాడుకునే సిమ్‌లు వచ్చాయి. అంటే విదేశీ కాల్‌కు లోకల్ కాల్ వేషం వేస్తే నిమిషానికి కొన్ని పైసలు మిగులుతాయి. పైసలే కదా అనుకోకండి. ముప్పై రెండు సిమ్‌లు రాత్రింబవళ్లు మాట్లాడుతుంటే ఆ పైసలు ఎంతవుతాయో లెక్క వేసుకోవచ్చు. అందులో గది యజమానికి దక్కేది చాలా తక్కువ.

ఈ దొంగదారికి గిరాకీ ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి, లేకపోతే న్యాయం కాదు. మన తరం వాళ్లకు గుర్తుంటుంది. ఎనభైలలో గల్ఫ్‌కు వెళ్లిన వాళ్లు తమ గొంతును టేపు క్యాసెట్లో నింపి, సెలవుకు వచ్చే స్నేహితుడి చేత పంపేవారు. పక్కింటి పి.పి. నంబరుకు ఫోను వస్తుందంటే ఇల్లంతా వెళ్లి ఆ వాకిట్లో కూర్చునేది. మన ప్రభుత్వం ఇంటర్నెట్ మీద ఫోను మాటలను 2002 ఏప్రిల్ 1న గాని అనుమతించలేదు. సౌదీ ప్రభుత్వం ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధాన్ని 2017 సెప్టెంబరులో గాని సడలించలేదు. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలు ఏళ్ల తరబడి సాగాయి. అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌లకు అక్కడి కూలీ మనిషి డబ్బు కట్టవలసి వచ్చింది. ఎండలో పని చేసి వచ్చి ఇంటికి పది నిమిషాలు మాట్లాడాలనుకునే వాడు చౌక కార్డు కొనుక్కుంటే అతన్ని తప్పుపట్టే మనసు మాకు లేదు. తన కాల్ ఏ దారిన పోతోందో అతనికి తెలియదు కూడా.

కానీ కొడుకుల గొంతులు వచ్చిన దారినే ఇప్పుడు దొంగలూ వస్తున్నారు. 'డిజిటల్ అరెస్ట్' పేరుతో పోలీసులమనీ, సీబీఐ అధికారులమనీ బెదిరించి వృద్ధుల దగ్గర జీవితకాలపు పొదుపు దోచుకుంటున్న సంగతి మనకు తెలుసు. 2024 అక్టోబరు 27న ప్రధాని తన రేడియో ప్రసంగంలోనే దీని గురించి హెచ్చరించవలసి వచ్చింది. అదే నెల 22న టెలికాం శాఖ ఒక కొత్త వ్యవస్థను ప్రారంభించింది. విదేశం నుంచి వస్తూ మన దేశపు నంబరు ముసుగు వేసుకున్న కాల్స్‌ను సరిహద్దులోనే ఆపటం దాని పని. మంచిదే. కానీ సిమ్ బాక్స్ దేశం లోపలే, మన వీధిలోనే ఉంటుంది. అది వాడే సిమ్ నిజమైన సిమ్. సరిహద్దులో కాపలా పెడితే ఇంట్లో ఉన్నవాడు దొరుకుతాడా? తెలియని లోకల్ నంబరు మోగితే కొడుకేమోనని ఆత్రంగా ఎత్తటం అలవాటైన తల్లి ఈ దొంగలకు సులభంగా దొరుకుతుంది. మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది ఈ సంగతే.

చట్టం సంగతికి వద్దాం. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలో 42వ సెక్షను 2024 జూన్ 26 నుంచి అమలులోకి వచ్చింది. అనుమతి లేకుండా టెలిఫోను సేవలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మోసంతోనో, మరొకరి పేరుతోనో సిమ్‌లు తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇవి ఆ చట్టంలోని శిక్షలు మాత్రమే. ఆ పెట్టెలోంచి పోయిన కాల్‌తో ఎవరైనా దోపిడీకి గురైతే ఆ కేసు వేరు.

ఇంకొకటి. 2021 జూన్‌లో బెంగళూరులో ఇలాంటి 32 పెట్టెలు పట్టుబడ్డాయి. ఒకేసారి 960 సిమ్‌లు నడిపే ఏర్పాటది. ఆ కేసులో పోలీసులతో పాటు సైనిక నిఘా విభాగమూ రంగంలోకి దిగింది. ఎవరు ఎవరితో మాట్లాడారో ఆచూకీ దొరకని కాల్స్ కాబట్టి దర్యాప్తు బిల్లుల ఎగవేతతో ఆగిపోదు. దేశభద్రత ప్రశ్న వస్తుంది. అలాంటి కేసులో మన పిల్లల పేర్లు వస్తే తరవాత ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుందో, ఆ ఇంటి ఆడపిల్లల సంబంధాలు ఏమవుతాయో, ఆ వీధినంతటినీ ఎలా చూస్తారో పాఠకులకు మేము వివరించనవసరం లేదు.

పట్టుబడటం కష్టమేమీ కాదు. ఒక సిమ్ నుంచి రోజూ వందల కాల్స్ పోతుంటాయి, దానికి వచ్చే కాల్ ఒక్కటీ ఉండదు. నెలల తరబడి ఒకే టవరు కింద కదలకుండా ఉంటుంది. మామూలు మనిషి ఫోను అలా ఉండదు కదా! కంపెనీల కంప్యూటర్లు దీన్ని పసిగడతాయి. విదేశం నుంచి తామే పరీక్ష కాల్ చేయించి, ఇక్కడ ఏ నంబరు కనిపిస్తుందో చూస్తాయి. ఆ తరవాత తలుపు తట్టేది గది తలుపునే. సర్వరు ఏ దేశంలో ఉందో, జీతం పంపినవాడు ఎవరో గదిలో ఉన్నవాడికే తెలియదు, ఇక పోలీసులకు ఏం చెబుతాడు?

జామీను అన్న మాట తెలుగులోనూ ఉంది, ఉర్దూలోనూ ఉంది. అప్పు తీసుకున్నవాడు పారిపోతే జామీను ఉన్నవాడు కట్టాలి. మన పెద్దలు ఎవరికైనా జామీను ఉండే ముందు పదిసార్లు ఆలోచించేవారు. ఇప్పుడు ఆధార్ చూపించి, వేలిముద్ర వేసి తీసుకునే ప్రతి సిమ్మూ ఒక జామీను పత్రమే. దాంట్లోంచి ఎవరు మాట్లాడినా ముందుగా అడిగేది మనల్నే. అయినా రోడ్డు పక్కన గొడుగు వేసుకుని కూర్చున్నవాడు "వేలు సరిగా పడలేదు, మళ్లీ పెట్టండమ్మా" అంటే రెండోసారి పెడుతున్నాం. ఆ రెండో ముద్రతో మరో సిమ్ పుట్టిందేమో అడగటం లేదు.

మళ్లీ ఆ కాగితం దగ్గరకు వద్దాం. ఏ మాటలు తెలియలేదని అడిగితే అతను ఒక వాక్యం కింద గీత గీసి చూపించాడు. పెట్టెను గదిలో 'మఖ్ఫీ' రఖ్‌నా అని ఉంది. అది సెట్టింగు పేరేమో అనుకున్నాడట. మఖ్ఫీ అంటే దాచిపెట్టినది, ఎవరి కంటా పడనిది అని చెప్పాం. అతను కాసేపు మాట్లాడలేదు. తరవాత, "జీతమిచ్చి చేయించే పనికి దాచటం ఎందుకు ఉస్తాద్?" అని తనే అడిగాడు.

పార్సిల్ అప్పటికే ఊరికి వచ్చి ఉంది. మరునాడు దాన్ని తీసుకోకుండా, తండ్రిని వెంటబెట్టుకుని, ఆ మెసేజీలతో సైబరు పోలీసుల దగ్గరకు వెళ్లాడు. అంతకుముందే, మా ఇంట్లో కూర్చుని ఉండగానే, తల్లి ఫోనుకు వచ్చిన ఓటీపీతో 'సంచార్ సాథీ'లో ఆమె పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూశాడు. ప్రభుత్వం 2023 మేలో ప్రారంభించిన ఈ సదుపాయానికి రుసుమేమీ లేదు. ఆమె దగ్గరున్నది ఒకటే ఫోను. తెర మీద మూడు నంబర్లు వచ్చాయి. మిగిలిన రెండూ ఆమె ఎప్పుడూ వినలేదు. గొడుగు కింద రెండుసార్లు వేలు పెట్టిన రోజు ఆమెకు గుర్తుంది గాని, ఏ నెలో గుర్తు లేదు. అతను ఆ రెండింటి ఎదురుగా 'నా నంబరు కాదు' అన్న చోట నొక్కి, ఫోను ఆమె చేతికిచ్చాడు.