నక్కల విషయమై మేడ్చల్, శామీర్‌పేట శివారువాసుల వినతిపత్రం

గౌరవనీయులైన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా అటవీ అధికారి గారికి,

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల కాలనీవాసులు, రైతులు, గొర్లకాపరులు విన్నవించుకునేది.

విషయం: ఇళ్ల మధ్యకు వస్తున్న నక్కల వల్ల జనానికి భయం లేకుండా, జనం వల్ల నక్కలకు ప్రాణభయం లేకుండా చూడాలని కోరుతూ.

అయ్యా,

నక్కలను పట్టుకుపొమ్మని అడగడానికి మేము రాలేదు. మాలో చాలామంది మొదట అదే అడగాలన్నారు. కాలనీ మీటింగులో రెండు గంటలు వాదులాడుకున్నాం. చంటిపిల్లల తల్లులు ఒకవైపు, పాత ఊరి పెద్దలు ఒకవైపు. చివరికి మూలన కూర్చున్న గొర్లకాపరి ఒకాయన, "ఈ నక్కను కొంచవోతే రేపు ఇంకోటొస్తది సారూ, కోడి పేగులు ఈడనే ఉంటయి గదా" అన్నాడు. ఆ మాట మీదే ఈ కాగితం రాశాం.

పరిస్థితి ఇదీ. పొద్దు గూకాక ప్రహరీ అవతలి గుట్ట మీంచి ఊళ మొదలవుతుంది. ఒకటి అందుకుంటే నాలుగు పలుకుతాయి. పాత ఊరి వాళ్లు అన్నం తింటూ తల కూడా ఎత్తరు. నగరం నుంచి కొత్తగా వచ్చిన వాళ్లకు అది పసిపిల్లల ఏడుపులా వినబడుతుంది. తెల్లవారుజామున సీసీ కెమెరాలో ఒక నీడ కదులుతుంది. ఆ వీడియో వాట్సాప్‌లో మూడు గ్రూపులు దాటేసరికి నక్క తోడేలవుతుంది, నాలుగో గ్రూపులో హైనా అవుతుంది. ఆ రాత్రికి కర్రలు బయటికి వస్తాయి. మాంసంలో మందు కలిపి పెడదామన్న మాట కూడా మా చెవిన పడింది. మా తొందర అందుకే.

నక్క తూగేది 8 నుంచి 11 కిలోలు. ఊరకుక్క కంటే సన్నం. ఎలుకలు, పండ్లు, చచ్చిన పశువు, ఏది దొరికితే అది తింటుంది. కోళ్లగూడు తలుపు వేయకపోతే కోడి పోతుంది, మంద వెనక మిగిలిపోయిన మేకపిల్ల కూడా పోతుంది. ఆ నష్టం మాకు తెలియనిది కాదు, దాచడమూ లేదు. కానీ చేలల్లో ఎలుకలను తగ్గించేదీ అదేనని రైతులు చెబుతున్నారు.

మా మొదటి డిమాండు చికెన్ వ్యర్థాల గురించి. ఇది ఒక్కటి జరిగితే మిగతావాటిలో సగం తేలికవుతాయి. దుకాణాలు మూసే వేళకు పేగులు, ఈకలు, తలకాయలు బస్తాలకెక్కుతాయి. కొన్ని బస్తాలు బండిలో సరైన చోటికే పోతాయి. మిగతావి ఔటర్ సర్వీసు రోడ్డు పక్క గుంతల్లో, చెరువు అలుగు పారే కాల్వలో, అమ్ముడుపోని ప్లాట్ల మధ్య పడతాయి. తెల్లారేసరికి వాటి మీద కుక్కలు, నక్కలు, గద్దలు. జవహర్‌నగర్‌లో 300 ఎకరాలకు పైబడిన డంపింగ్ యార్డు ఉన్న జిల్లా మనది. చెత్త వాసన ఎంత దూరం పోతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ప్రతి చికెన్ సెంటరు నుంచీ ఏ రోజు వ్యర్థం ఆ రోజే ఎత్తాలి. తూకం చీటీ దుకాణంలో ఉండాలి. చీటీలు చూపిస్తేనే ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ కావాలి. ఫంక్షన్ హాళ్లకూ ఇదే లెక్క. పెళ్లిళ్ల సీజన్‌లో మా దగ్గర నక్కల సందడి ఎందుకు పెరుగుతుందో కనిపెట్టడానికి శాస్త్రవేత్తలు రానవసరం లేదు.

నక్కలను రప్పించే తిండిలో వీధికుక్కలకు పెట్టే అన్నమూ ఉంది. పెట్టేవాళ్ల మీద మాకు కోపం లేదు. అయితే 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అందుకు వేరుగా చోట్లు చూపించాల్సింది స్థానిక సంస్థలే. ఆ చోట్లు గుట్టల అంచున, కుంటల గట్ల మీద పెట్టవద్దు. కుక్కా నక్కా ఒకే పళ్లెం దగ్గర కలిస్తే రేబిస్ ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకోవచ్చు.

కుక్కల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2024 జులైలో జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర పసివాడి ప్రాణం తీసినవి వీధికుక్కలు. ఆ బాధ ఈ జిల్లా మరిచిపోలేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం జరగాల్సిన ఆపరేషన్లు, టీకాలు పట్టణం నడిబొడ్డున మొదలై శివారు చేరేలోపే ఆగిపోతున్నాయి. ఈసారి అడవి అంచు కాలనీల నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలని కోరుతున్నాం.

రెండోది ఆసుపత్రి. పోయిన వానకాలం మాలో ఒక పాలవ్యాపారిని చీకట్లో ఏదో జంతువు పిక్క మీద కరిచింది. దగ్గరి దవాఖానాలో టీటీ సూది వేసి నగరానికి పొమ్మన్నారు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి చేరేసరికి సగం రోజు గడిచింది. సబ్బుతో పావుగంట సేపు గాయం కడగమని కూడా ఎవరూ చెప్పలేదు. అడవి జంతువు కాటును మూడో కేటగిరీగా లెక్కగట్టి, రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలన్నది వైద్య మార్గదర్శకాల్లో ఉన్నదే. మేడ్చల్‌లో ఒకచోట, శామీర్‌పేటలో ఒకచోట ఆ మందు రాత్రింబవళ్లు దొరకాలి. నిల్వ ఎంత ఉందో గోడ మీద రాసి పెట్టాలి.

మూడోది ఫోను. 2024లో శంషాబాద్ విమానాశ్రయంలోకి చిరుత వస్తే బోన్లు పెట్టారు, కెమెరాలు పెట్టారు, రోజుల్లోనే పట్టుకున్నారు. సంతోషం. నక్క కాలు ఇరిగి మా డ్రైనేజీలో పడి ఉంటే మున్సిపాలిటీ అడవి వాళ్లదంటుంది, అడవి వాళ్లు మున్సిపాలిటీదంటారు, పోలీసులు మమ్మల్నే జాగ్రత్తగా ఉండమంటారు. ఊళ్ల మీద బోర్డులు మారుతున్నాయి. మొన్న గ్రామపంచాయతీ, నిన్న మున్సిపాలిటీ, ఇవాళ మహానగరం. ఎవరి కిందకు పోయినా ఒకే నంబరు ఉండాలి, ఎత్తేవాళ్లుండాలి, వల, బోను ఉన్న బండి ఉండాలి. పట్టిన జంతువుకు వైద్యం చేసి దగ్గర్లోనే వదలాలి. తెలియని అడవిలో వదిలితే అది బతకడం కష్టం. ఖాళీ అయిన జాగాలోకి ఇంకో జత వచ్చి చేరుతుంది.

చట్టం మాకూ తెలుసు, తెలియనివాళ్లకు మీరు చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ తర్వాత నక్క మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఉచ్చు వేసినా, విషం పెట్టినా వేట కిందకే వస్తుంది. అడవిపందుల కోసం చేనుకు కట్టే కరెంటు తీగకు నక్కలూ చస్తున్నాయి, మనుషులూ చస్తున్నారు. సంతల్లో నక్కకొమ్ము అని అమ్మేదాని సంగతి కూడా చూడండి. నక్కకు కొమ్ముండదు. బొచ్చుతో ఉన్న చర్మం ముక్కను కుట్టి, అదృష్టమని అంటగడతారు. నక్క తోక తొక్కితే కలిసొస్తుందని నమ్మే మనవాళ్లు కొమ్ము అంటే కొనకుండా ఉంటారా!

ఇక రోడ్ల సంగతి. రాజీవ్ రహదారి మీద ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ భాగాలున్న 18 కిలోమీటర్ల కారిడార్‌కు 2024 మార్చి 7న శంకుస్థాపన జరిగింది. దాని కింద, ఔటర్ కింద ఉన్న కల్వర్టుల్లో నీళ్లు పారే పక్కనే జంతువు నడిచేంత పొడి గట్టు వదలాలి. కొత్త వెంచర్లలో వాగు, కుంట హద్దులు ప్లాట్లు అమ్మకముందే రాళ్లు పాతి చూపించాలి.

మా వంతు పని మేము మొదలుపెట్టాం. రాత్రిపూట పిల్లుల గిన్నెలు బయట పెట్టడం లేదు. కోళ్లగూళ్లకు గొళ్లేలు బిగించాం. అమెరికాలో డాలస్ పక్క ఫ్రిస్కోలో ఉండే మా పిల్లలు అక్కడి నక్కలాంటి కయోటీల గురించి ఫోన్లో చెబుతుంటారు. కయోటీ కనబడితే పరుగెత్తకుండా ఎదురుగా నిలబడి చేతులెత్తి గట్టిగా అరవాలని నగరపాలకులు నేర్పుతారట. కంచం మోగించి నక్కను తోలడం మా అవ్వలకు ఎవరూ నేర్పలేదు. ఆ విద్యనే బళ్లలో పిల్లలకు ఒక పూట చెప్పించమని మనవి.

తనిఖీకి దయచేసి పగటిపూట రావద్దు. రాత్రి పదిన్నర దాటాక, చికెన్ దుకాణాల షట్టర్లు పడ్డాక రండి. బస్తాలు ఏ మలుపు దగ్గర పడతాయో చూపించడానికి ఇద్దరు మనుషులను టార్చిలైట్లతో రోడ్డు మీదే ఉంచుతాం.

ఇట్లు,
మేడ్చల్, శామీర్‌పేట శివారు కాలనీల, గ్రామాల నివాసులు

జతపరిచినవి: వ్యర్థాలు పడేస్తున్న చోట్ల ఫొటోలు, చేత్తో గీసిన దారి పటం, సంతకాల కాగితాలు.