ఇల్లు కురుస్తోందా... ముందు కారణం వెతకండి!

బయట వాన. హాల్లో బకెట్టు, పడగ్గదిలో గిన్నె, వంటింట్లో పాత గుడ్డలు... కిందటేడు వానాకాలంలో జనగామలో చుట్టాలింటికి వెళ్తే కనిపించిన దృశ్యమిది. 'మూడేండ్లల్ల మూడుసార్లు చేయించినం వదినా! వచ్చినోడు వచ్చినట్టే సిమెంటు పాలు పోసి పైసలు తీస్కపోతుండు' అని వాపోయింది ఆ ఇల్లాలు. తెలిసిన ఇంజినీరును పిలిచి డాబా ఎక్కితే అసలు సంగతి తెలిసింది. పిట్టగోడ, స్లాబు కలిసేచోట సన్నని పగులు. నీళ్లు అక్కడ దిగి, స్లాబు లోపలే పాకి, ఆరడుగుల అవతల హాల్లో కారుతున్నాయి. ముగ్గురు మేస్త్రీలూ చుక్క పడేచోటికి సరిగ్గా పైనే పూత పూశారు!

మన దగ్గర వాన ఎంత పడగలదో 2023 జులైలో చూశాం. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్కరోజులో 616 మిల్లీమీటర్లు కురిసింది. అంటే 120 గజాల డాబా మీద దాదాపు 60 వేల లీటర్లు... పన్నెండు ట్యాంకర్ల నీళ్లు! మరుసటి ఏడాది సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో రైలుపట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అంత వాన రోజూ పడకపోవచ్చు. కానీ డాబాకు వాటం లేకపోయినా, తూములో ఆకులు అడ్డుపడినా మామూలు వానకే నీళ్లు నిలిచి పగుళ్లలోకి దిగుతాయి.

ఎవరిని పిలవాలి? వానప్పుడే కురిస్తే లోపం పైకప్పులో ఉన్నట్టు. ఎండాకాలంలోనూ గోడ చెమ్మగా ఉంటే పైపునో, బాత్‌రూమునో అనుమానించాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటిమట్టం గుర్తు పెట్టుకోండి. తెల్లారేసరికి తగ్గితే ముందు ప్లంబరు రావాలి. స్లాబు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తుంటే మాత్రం పూతలతో సరిపెట్టొద్దు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఆ పెచ్చులు నిద్రపోతున్న పిల్లల మీద పడొచ్చు. మంచాలు అక్కణ్నుంచి తీసేసి, వెంటనే ఇంజినీరుకు చూపించండి.

పని ఒప్పుకునే ముందు ఇవి అడగండి:

* రెండేళ్ల క్రితం ఎవరి ఇంటికి చేశారు? వెళ్లి ఆ ఇంటివాళ్లనే అడిగి చూడండి.
* ఏ మందు, ఎన్ని పూతలు, ఎన్ని చదరపు అడుగులు, ఎన్నేళ్ల హామీ... అన్నీ కాగితం మీద రాయించుకోండి.
* పాత పూత గీకి, పగులు శుభ్రం చేసి, నింపాకే కొత్త పూత వేయాలి. దుమ్ము మీద వేస్తే నిలవదు.
* డబ్బు విడతలుగా ఇవ్వండి. స్లాబు గట్టిగా ఉంటే తూములు మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాకే చివరి విడత.

పనికి సరైన కాలం వేసవే. తడి స్లాబుకు చాలా మందులు పట్టవు. పైగా వానలు మొదలయ్యాక మంచి పనివాళ్లు దొరకరు. వెనకటి పెంకుటిళ్లలోనూ పగిలిన పెంకులు ఎండల్లోనే మార్చి సర్దించేవాళ్లు కదా!

మా చుట్టాలు ఈ ఏప్రిల్‌లో పిట్టగోడ మూల బాగుచేయించి, చివరి విడత వాన పడ్డాక ఇస్తామన్నారు. జూన్‌లో గట్టివాన పడిన మర్నాడు ఫోన్ వచ్చింది. 'మేస్త్రీకి పైసలు ఇచ్చేసినం వదినా!'