బ్రేకు దానంతటదే బాగైపోయిందట!

పోయిన నెల ఓ బుధవారం రాత్రి మా మేనల్లుడు తిరుపతి నుంచి ఫోన్ చేశాడు. వాడు ఫోన్ చేశాడంటే రెండే కారణాలు. ఒకటి డబ్బు, రెండోది బండి. ఆ రోజు రెండోది.

"మామా, ఇవాళ ఓ తమాషా జరిగింది. కొండ దిగుతుంటే ముందు బ్రేకు పట్టలేదు. లివరు నొక్కితే హ్యాండిల్‌కి తగిలింది. వెనక బ్రేకు మీద ఎట్లాగో ఆపి పిట్టగోడ పక్కన పెట్టేశా. అరగంట కూర్చుని చూద్దును కదా, బ్రేకు దానంతటదే బాగైపోయింది!"

వాడు నవ్వుతున్నాడు. నాకు మాత్రం చెమట పట్టింది. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు సంగతి మీకు తెలిసిందే. 1944లో వేసిన దారి అది. రెండో ఘాట్ వచ్చాక దాన్ని దిగడానికే వాడుతున్నారు. 36 పెద్ద మలుపులు. అందులో ఏదో ఒక మలుపు దగ్గర లివరు చేతికి మెత్తగా వచ్చేసిందంటే అది తమాషా కాదు. బాగైపోయిందంటే అసలు నమ్మకూడదు.

"ఒరేయ్, ఆ బండి ముట్టుకోకు. శనివారం బస్సెక్కి నెల్లూరు రా. బండిని లారీలో వేయించు" అన్నాను. "అమ్మకి చెప్పకు మామా" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.

బండి వచ్చింది. 2014 మోడలు, నూటయాభై సీసీ, మూడో చేతి బండి. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు. హ్యాండిల్ మీద ఉన్న చిన్న డబ్బా అద్దంలోంచి చూస్తే లోపల ఫ్లూయిడ్ టీ డికాషన్ రంగులో ఉంది. కొత్తగా ఉన్నప్పుడది దాదాపు నీళ్లలా, కాస్త పసుపు ఛాయలో ఉంటుంది. ఎప్పుడు మార్చావురా అంటే "అది కూడా మారుస్తారా?" అన్నాడు. మీలో సగం మంది ఇదే మాట అనుకుంటున్నారని నాకు తెలుసు. ఇంజినాయిల్ మార్పించని వాడు ఉండడు, బ్రేకు ఫ్లూయిడ్ మార్పించిన వాడు కనపడడు.

అసలు జరిగిందేమిటంటే... లివరు నొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లో చిన్న పిస్టన్ కదిలి ఫ్లూయిడ్‌ని తోస్తుంది. ద్రవం నలగదు కాబట్టి ఆ ఒత్తిడి గొట్టంలోంచి కింద క్యాలిపర్ దాకా పోయి ప్యాడ్లను డిస్క్‌కి అదుముతుంది. మధ్యలో గాలి చేరిందనుకోండి, గాలి నలుగుతుంది. మనం నొక్కిందంతా గాలిని నలపడానికే సరిపోతుంది, ప్యాడ్ల దాకా ఏమీ పోదు. లివరు స్పాంజిలా అనిపించేది అందుకే.

మరి గట్టిగా మూతేసి ఉన్న చోటికి గాలెక్కడిది? ఇక్కడే ఉంది కిటుకు. మనం వాడే డాట్ 3, డాట్ 4 ఫ్లూయిడ్లకు తేమను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలం ఉప్పు పొట్లం విప్పి పెడితే ఏమవుతుందో అలాగన్నమాట. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరిందంటే 155 డిగ్రీలకు మరిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. డాట్ 3 అయితే 205, 140. ఘాట్‌లో ప్యాడ్లు ఆగకుండా రాసుకుంటుంటే ఆ వేడి క్యాలిపర్‌కి, అక్కణ్నుంచి ఫ్లూయిడ్‌కి ఎక్కుతుంది. నీరు పట్టిన ఫ్లూయిడ్ మరుగుతుంది, ఆవిరి పుడుతుంది. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. అరగంట చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. మా వాడి బ్రేకు "దానంతటదే బాగైపోవడం" ఇదే. మళ్లీ కొండ దిగితే మళ్లీ పోతుంది.

వాడు ఊరుకోలేదు లెండి. మర్నాడే దారిలో ఓ మెకానిక్‌కి చూపించాడట. ఆయన మూత తీసి, తగ్గినంత ఫ్లూయిడ్ పోసి, ఇక ఫరవాలేదు పొమ్మన్నాడట. కుళ్లిన సాంబారులో గరిటెడు కొత్త సాంబారు కలిపినట్టు! ఇంకోచోట మాస్టర్ సిలిండర్ మొత్తం మార్చాలి, 2,800 అవుతుందన్నారట. ఇద్దరూ గొట్టంలో ఉన్న పాత సరుకు మాట ఎత్తలేదు.

అన్నట్టు, డబ్బాలో మట్టం తగ్గగానే పోసేయడం కూడా తప్పే. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ మేరకు ఫ్లూయిడ్ కిందికి దిగుతుంది. కాబట్టి ముందు ప్యాడ్లు చూడాలి. అరిగిన ప్యాడ్ల మీద డబ్బా నిండా పోసి, తర్వాత కొత్త ప్యాడ్లు వేస్తే, పిస్టన్ వెనక్కి పోయి ఫ్లూయిడ్ పైకి పొంగి ట్యాంకు మీద పడుతుంది. అది పడ్డ చోట రంగు లేచిపోతుంది.

సరే, ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాం. సామాను చెప్తాను. సీలు తీయని డాట్ 4 చిన్న సీసా 160 రూపాయలు. చేపల తొట్టెలు అమ్మే కొట్లో పారదర్శకంగా ఉండే సన్న ట్యూబు మీటరు 20. మందుల షాపులో పెద్ద సిరంజి 35. ఎనిమిదో నంబరు రింగు స్పానరు 70. మొత్తం 285 రూపాయలు. సగం వాడిన పాత సీసా ఇంట్లో ఉంది కదా అని అది పోయకండి, మూత తీసిన రోజు నుంచే అది తేమ తాగుతూ ఉంటుంది. మీ బండికి డాట్ 3నా, 4నా అన్నది డబ్బా మూత మీదే అచ్చయి ఉంటుంది. ఇంజినాయిల్ మాత్రం పొరపాటున కూడా పోయకూడదు, లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి.

ట్యాంకు మీద తడి లుంగీ కప్పాం. బకెట్‌తో నీళ్లు పక్కనే. ఈ ఫ్లూయిడ్ నీళ్లలో కలుస్తుంది కాబట్టి ఎక్కడ చుక్క పడినా తుడవడం కాదు, నీళ్లు పోసి కడగాలి. హ్యాండిల్ తిప్పి డబ్బా సమంగా ఉండేట్టు చూశాం. మూతకు ఉండే రెండు స్క్రూలు బహు మెత్తనివి. సైజు కుదరని స్క్రూడ్రైవరు పెట్టి తిప్పారో, గాడి అరిగిపోయి రోజంతా దానితోనే సరి. మూత తుడిచి, తీసి, కింద ఉండే రబ్బరు పొరను ఎత్తి, పాత ఫ్లూయిడ్‌ని సిరంజితో లాగేసి కొత్తది నింపాం. ముందే ఇలా చేస్తే ఆ మడ్డంతా గొట్టంలోంచి దిగక్కర్లేదు.

కింద క్యాలిపర్ మీద చిన్న రబ్బరు టోపీ ఉంటుంది. దాని కింద నిపుల్. ముందు రింగు స్పానరు పెట్టి, ఆ తర్వాత ట్యూబు తొడగాలి. తిరగేసి చేస్తే ట్యూబు పీకి మళ్లీ పెట్టాలి, నేను అదే చేశాను. ట్యూబును నిపుల్ నుంచి కాస్త పైకి లేపి, వంచి, రెండో కొస సీసాలో పోసిన కొత్త ఫ్లూయిడ్‌లో ముంచాం. గాలి పైకే పోతుంది కాబట్టి ఆ వంపు.

ఇక ఇద్దరు మనుషుల పని. పైన వాడు లివరు మెల్లగా మూడు నాలుగుసార్లు నొక్కి, నొక్కి పట్టుకోవాలి. కింద నేను నిపుల్ పావు తిప్పు తిప్పాలి. లివరు హ్యాండిల్ దాకా పోతుంది, ఫ్లూయిడ్ ట్యూబులోకి వస్తుంది. నేను నిపుల్ మూయాలి. ఆ తర్వాతే వాడు లివరు వదలాలి. మూయకముందే వదిలితే లివరు వెనక్కి వస్తూ కింది నుంచి పీలుస్తుంది.

మొదటి విడతలోనే కొంప మునిగింది. నేను నిపుల్ తిప్పి "వదులు చేశా!" అన్నాను. వాడికి "వదులు" ఒక్కటే వినపడింది. వదిలేశాడు. ట్యూబులో అప్పటికి ఉన్న గాలంతా గుటుక్కున లోపలికి పోయింది. అంతవరకూ కాస్తో కూస్తో గట్టిగా ఉన్న లివరు జావలా అయిపోయింది. లోపలి నుంచి మా ఆవిడ "మెకానిక్‌ని పిలవమంటారా?" అంది. ఆ గొంతులో వెటకారం నాకొక్కడికే తెలుస్తుంది.

భాష మార్చుకున్నాం. వాడు "పట్టా" అనాలి. నేను "తెరిచా", తర్వాత "మూశా" అనాలి. మూశా అన్నాకే వాడు వదలడం. మీరూ ముందే మాటలు ఖాయం చేసుకోండి, "వదులు" అన్న మాట ఆ గంటసేపు ఎవరూ అనకూడదు. పట్టా, తెరిచా, మూశా... ముగ్గు వేసుకుంటున్న ఎదురింటావిడ చెయ్యి ఆపి మరీ చూసింది.

మొదట నల్లగా, బుడగలు బుడగలుగా వచ్చింది. ఐదారు విడతలకోసారి పై డబ్బా చూసుకోవాలి. మట్టం అడుగంటితే పైనుంచి గాలి దిగుతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. మధ్యమధ్య గొట్టాన్నీ క్యాలిపర్‌నీ స్పానరు పిడితో మెల్లగా తట్టాం, లోపల అంటుకున్న బుడగలు కదులుతాయి. పాతిక విడతలకు రంగు తేలింది. ముప్పై దాటాక బుడగలు ఆగాయి. నిపుల్ బిగించేటప్పుడు బలం చూపించకండి. అది లోపల బోలుగా ఉంటుంది, విరిగితే నిజంగానే 2,800 అవుతుంది.

అయినా లివరు నాకు పూర్తిగా నచ్చలేదు. మాస్టర్ సిలిండర్ దగ్గరి వంపులో సన్న బుడగలు దాక్కుంటాయి. మూత బిగించి, లివరు నొక్కి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కి కట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున మెల్లగా విప్పితే ఆ బుడగలు డబ్బాలోకి తేలిపోయాయి. లివరు రాయిలా ఉంది.

ఏబీఎస్ బళ్ల వాళ్లకో మాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ అది తప్పనిసరి. డబ్బా ఖాళీ కానివ్వకుండా పాతది తోసి కొత్తది ఎక్కించడం వరకు ఇంట్లో చేసుకోవచ్చు. లోపలి యూనిట్‌లోకి గాలి పోయిందంటే మాత్రం కంపెనీ వాళ్ల మిషన్ కావాల్సి రావచ్చు, అక్కడ మొండికేయకండి.

మా వాడి స్నేహితుడొకడు ఇదంతా అరుగు మీద కూర్చుని చూసి "అంకుల్, పెద్ద బళ్లకు క్లచ్చి కూడా ఇలాగే ఉంటుందంట కదా" అన్నాడు. ఉంటుంది. 2004లో ధూమ్ సినిమాలో జాన్ అబ్రహాం నడిపిన హయబుసాకి తీగ క్లచ్చి కాదు, హైడ్రాలిక్ క్లచ్చే. అందులో గాలి చేరితే గేరు గరగరమంటుంది, న్యూట్రల్ దొరకదు, సిగ్నల్ దగ్గర క్లచ్చి పూర్తిగా నొక్కినా బండి ముందుకు పాకుతుంది. గాలి తీసే పద్ధతి అక్షరాలా ఇదే, కాకపోతే నిపుల్ ఇంజిన్ పక్కన ఉండే స్లేవ్ సిలిండర్ మీద ఉంటుంది. ఒక్క జాగ్రత్త. కొన్ని ఐరోపా బళ్ల క్లచ్చికి బ్రేకు ఫ్లూయిడ్ కాదు, మినరల్ ఆయిల్ వాడతారు. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే వాషర్లన్నీ పోతాయి. మూత చదవకుండా సీసా ఎత్తకండి.

బండి వీధిలోకి తీసేముందు లివరు ఒక నిమిషం గట్టిగా నొక్కిపట్టి చూశాం. ఎక్కడా చెమ్మ లేదు. అలా పట్టుకుని ఉండగా లివరు మెల్లమెల్లగా దిగిపోతుంటే మాత్రం లోపలి వాషర్ పోయిందన్నమాట, దానికి ఎన్ని సీసాలు పోసినా దండగ, మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. తర్వాత ఇంజిన్ ఆపి తోస్తూ ఒకసారి, నడక వేగంలో ఒకసారి, ఖాళీ రోడ్డు మీద ఇంకోసారి బ్రేకు వేసి చూశాం. పట్టింది.

పాత ఫ్లూయిడ్ కూల్‌డ్రింక్ సీసాలో పట్టామని చూసి మా ఆవిడ నిజంగా కోప్పడింది. ఆవిడ మాటే నిజం. పిల్లలు తిరిగే ఇల్లు, అది విషం. అప్పటికప్పుడు మూత బిగించి, మీద రాసి, మెకానిక్ షెడ్డులో పాత ఆయిల్ పీపా ఉంటే అందులో పోసి వచ్చాను. కాలవలో పోయలేదు.

సాయంత్రం బస్టాండులో టీ తాగుతూ అనుమానం వచ్చి అడిగాను, "ఒరేయ్, కొండ దిగేటప్పుడు ఏ గేరులో ఉన్నావు?"

మాట్లాడలేదు. టీ గ్లాసు వంక చూశాడు.

"న్యూట్రల్‌లో మామా. ఇంజిన్ ఆపేసి. పెట్రోలు ఆదా అవుతుందని..."

అదీ సంగతి. రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంటే ఇంజినే సగం బరువు పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో కొండంతా బ్రేకుల మీదే దిగుతుంది. ఆదా అయిన పెట్రోలు ఎంతో లెక్క కడితే మేం తాగిన రెండు టీల ఖరీదు చేయదు. చాలాసేపు తిట్టాను. బండి మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, వెనక బ్రేకు కూడా ఓసారి విప్పి చూశాకే ఇస్తానని.

మా అక్కకు ఇంతవరకూ నేను చెప్పలేదు, మాట మాటే. కాకపోతే ఆదివారం పేపరు వాళ్లింట్లోనూ వేయించుకుంటారు.