బోర్డు మీద మన పేరు, గల్ల మీద ఎవరి చెయ్యి?

2025 దసరా సెలవుల్లో నా దగ్గర చదువుకున్న పిలగాడొకడు ఇంటికొచ్చిండు. డిగ్రీ అయిపోయి మూడేండ్లాయె. ఉద్యోగం లేదు. సీడు పత్తి చేన్లల్ల క్రాసింగు పనికి కూలికి పోతుండు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్ల కుల సర్టిఫికెట్, ఆధార్ కార్డు. “సార్, మా ఊరి పెద్దమనిషి ఒకాయన నా పేరు మీద వైన్స్ టెండర్ వేస్తనంటుండు. కట్టే పైసలన్నీ ఆయనవే. షాపు తగిలితే నాకు నెలనెలా కొంత ఇస్తడంట. సంతకం పెట్టాల్నా, వద్దా?” అని అడిగిండు.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. “వద్దు బిడ్డా” అనడం సులువే. కాని పని చూపించలేని సారు వద్దనడానికి ఎవడు? “పెట్టు” అంటే, ఇన్నేండ్లు మనం వాడల్లో తిరిగి చెప్పిన మాటలేమైనయి? ఆ రోజు చాయ తాపి పంపించిన. ఆ పిలగానికి ఇయ్యాల్సిన జవాబే ఈ సంపాదకీయం.

సంగతి అందరికీ తెలిసిందే. తెలంగాణలో 2,620 వైన్ షాపులున్నయి. 2021 నుంచి వాటిల్ల గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం కేటాయింపు పెట్టిండ్రు. అంటే మన పేరున 262 షాపులు. దళితబంధు మొదలైన ఆ ఏడే, ఎరువుల దుకాణాలు, మందుల దుకాణాలు, కాంట్రాక్టులు, అన్నింట్ల దళితులకు వాటా ఇస్తమని అప్పటి ముఖ్యమంత్రి చెప్పిండు. ముందుగాల మన చేతిల పెట్టింది మాత్రం సీసా. 2023లో లాటరీకి రాష్ట్రం మొత్తంల లక్షా 32 వేల దరఖాస్తులొచ్చినయి. ఒక్కో దానికి రెండు లక్షలు, తగలకపోయినా వాపసు రావు. సర్కారుకు 2,639 కోట్లు ఊరికెనే వచ్చినయి. 2025లో ఫీజు మూడు లక్షలు చేసిండ్రు. 95 వేలకు పైగా దరఖాస్తులు పడ్డయి. అక్టోబరు 27న లాటరీ తీసిండ్రు. డిసెంబరు 1 నుంచి 2027 నవంబరు 30 దాకా కొత్త లైసెన్సులు.

ముందు సరుకు ఎట్లా నడుస్తదో చూద్దాం. బీరు కంపెనీ తన సరుకును నేరుగా షాపుకు అమ్మడానికి లేదు. టోకు వ్యాపారమంతా సర్కారు వారి బెవరేజెస్ కార్పొరేషన్‌ది. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో పుట్టిందది. తెలంగాణ వచ్చినంక మనది వేరయింది. కంపెనీకి ఎంత ఇయ్యాల్నో కార్పొరేషన్ తేలుస్తది. షాపు ఎంతకు అమ్మాల్నో సీసా మీదనే అచ్చేసి ఉంటది. షాపాయన ముందుగా పైసలు కడితేనే డిపోల నుంచి పెట్టెలు కదులుతయి. కంపెనీలకు మాత్రం కార్పొరేషన్ నెలల తరబడి బాకీ పెడతది.

ఈ బాకీ మీదనే 2025 జనవరిలో పెద్ద పంచాయితీ అయింది. జనవరి 8న కింగ్‌ఫిషర్ బీరు చేసే యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీ తెలంగాణకు సరఫరా బంద్ పెట్టింది. 2019-20 తర్వాత మాకు ధర పెంచలేదు, పాత బకాయిలు కట్టలేదు అన్నది. అప్పుడు ఎక్సైజ్ శాఖ చూస్తున్నది మన కొల్లాపూర్ ఎమ్మెల్యే జూపల్లి కృష్ణారావు. కంపెనీ 33.1 శాతం పెంచమంటున్నదని, దానికి లొంగేది లేదని చెప్పిండు. పన్నెండు దినాలు గడిచినయి. 20వ తారీకు కంపెనీ మళ్లా సరుకు పంపుడు మొదలుపెట్టింది. ఫిబ్రవరి 11 నుంచి బీరు ధర 15 శాతం పెరిగింది. ఆ కంపెనీల సగానికి మించిన వాటా 2021 నుంచి నెదర్లాండ్స్ దేశపు హైనెకెన్‌ది. అలంపూర్ కూలోడు ఇచ్చిన పైసలకు ఎంత దూరపు ప్రయాణమో చూడండ్రి.

కంపెనీని తిట్టడానికి ఇది రాయడం లేదు. తన బాకీ తనడిగింది. సరుకు ఆపింది, సగానికి దగ్గరగ సాధించుకున్నది. మరి మన సంగతి? ఉపాధి హామీ కూలి పదిహేను దినాల్లో ఇయ్యాలని చట్టంలనే రాసుకున్నరు. ఎన్నిసార్లు ఇచ్చిండ్రు? 2025-26లో ఆ కూలి దినానికి 307 రూపాయలు. దాన్ని 33 శాతం పెంచమని మన మేటు పోయి అడిగితే మంత్రి పత్రికలోళ్లను పిలిచి జవాబు చెప్తడా? ధర పెంచితే తాగేటోని మీద పడుతదని పన్నెండు దినాలు మాట్లాడిన పెద్దలు, ఆ పెంపు ఎవని కూలిల నుంచి పోతదో ఒక్క మాట అనలేదు.

ఇగ షాపు కాడికొద్దాం. మన పిలగాని సంతకం ఉండేది అక్కడనే.

ఊరి జనాభాను బట్టి లైసెన్సు ఫీజు. అయిదు వేల లోపు జనాభా ఉంటే ఏడాదికి 50 లక్షలు. అయిదు వేల నుంచి యాభై వేల దాకా 55 లక్షలు. గద్వాల, వనపర్తి లాంటి యాభై వేలు దాటిన పట్నాలల్ల 60 లక్షలు. దీనికితోడు బ్యాంకు గ్యారంటీ, పర్మిట్ రూముకు వేరే పైసలు, కిరాయి, జీతగాండ్లు, మొదటి సరుకుకు పెట్టుబడి. దళితబంధు నడిచిన దినాల్లో ఒక కుటుంబానికి ఇచ్చింది 10 లక్షలు. అది గూడ 2023 డిసెంబరులో సర్కారు మారినంక ఆగిపోయింది. 10 లక్షలు గూడ చూడని ఇంటికి 50 లక్షల షాపు లాటరీల తగిలితే, ఆ ఇల్లు దాన్ని ఎట్లా నడుపుతది? నడపదు. షాపు ఇచ్చినోళ్లకూ ఆ సంగతి ఎరుకే. లాటరీ తగిలిన తెల్లారే గుడ్‌విల్ బేరాలు మొదలైతయి. దరఖాస్తు కాడనే పైసలు పెట్టినోడైతే బేరం గూడ అక్కర లేదు.

నేను లెక్కల సారును. ఒక లెక్క చేస్తా, మీరూ కాగితం మీద వేసి చూడండ్రి. బీరు సీసా 180 రూపాయలనుకుందాం. కొన్న ధర మీద షాపుకు 20 శాతం లెక్కన సీసాకు 30 రూపాయలు మిగులుతయి. అయిదు వేల లోపు ఊర్ల 50 లక్షల ఫీజు ఒక్కటి వెళ్లాలన్నా ఏడాదికి లక్షా అరవై ఆరు వేల సీసాలు అమ్మాలె. దినానికి 450 పైచిలుకు. ఇంకా కిరాయి లేదు, జీతాలు లేవు, వడ్డీ లేదు. బ్రాందీ, విస్కీ గూడ అమ్ముతరు కాబట్టి అన్నీ బీరు సీసాలే కానక్కర లేదు. లెక్క మాత్రం అదే. అయిదు వేల మందిల పిల్లలను తియ్యండ్రి, ఆడోళ్లల్ల తాగనోళ్లను తియ్యండ్రి, ముసలోళ్లను తియ్యండ్రి. మిగిలినోళ్లు దినాం 450 పైచిలుకు సీసాలు కొంటేనే ఫీజు ఒక్కటి వెళ్తది.

బెల్టు షాపు పుట్టింది ఈ లెక్కల నుంచే. చుట్టుపక్కల పది ఊర్లకు, తండాలకు పెట్టెలు దించకపోతే వైన్స్ బతకది. సర్కారు కాగితం మీద బెల్టు షాపు లేదు. కాని సర్కారు పెట్టిన ఫీజుల బెల్టు షాపు కలిసే ఉన్నది. దాన్ని మూయిస్తమని చెప్పని మంత్రి లేడు.

ఆ బెల్టు షాపు నడిపేదెవరో మీ ఊర్ల చూడండ్రి. కొన్ని ఊర్ల పెత్తందారీ కులపోడే కిరాణం వెనక నడుపుతుండు. కాని మన వాడలల్ల చానా కాడ ఒంటరి ఆడమనిషి, కాలో చెయ్యో విరిగి పనికి పోలేని మనిషి. సీసా మీద పదో ఇరవయో ఎక్కువ తీసుకుంటరు, దాంట్లనే బతకాలె. ఉద్దెర రాసుకుంటరు, గుంపు మేస్త్రీ దగ్గర కూలి పడ్డ నాడు పట్టుకుంటరు. ఉద్దెర ఎగ్గొట్టినోనితోని కొట్లాట వాళ్లకే. ఎక్సైజోళ్లు వస్తే కేసు గూడ వాళ్ల మీదనే. కంపెనీ బాకీ మంత్రి తీరుస్తడు. షాపాయన డబ్బు ముందే గల్లల పడ్డది. తాగినోని బాకీ మాత్రం వాడల ఆడమనిషి మోస్తది. ఆ తాగినోని ఇంట్ల ఇంకో ఆడమనిషి మోస్తది.

సీడు పత్తిల ఎట్లా నడుస్తదో నడిగడ్డ వాళ్లకు చెప్పనక్కర లేదు. కంపెనీ కనపడది, ఆర్గనైజరు కనపడుతడు, నష్టం చేన్ల ఉన్నోనికి. ఇక్కడా అంతే. కాకపోతే ఇక్కడ మధ్యల మన కులం సర్టిఫికెట్ ఒకటి అతికిచ్చిండ్రు.

పేరు అరువిచ్చుడు కొత్త సంగతేం గాదు. 2011-12లో ఉమ్మడి రాష్ట్రంలో మద్యం సిండికేట్ల మీద ఏసీబీ దాడులు చేసినప్పుడు తెల్లకార్డోళ్ల పేర్ల మీద లైసెన్సులు బయటపడ్డయి. తినడానికి బియ్యం కార్డు ఉన్నోడు కోట్ల వేలం పాడినట్టు కాగితాలు! ఆ తర్వాతనే 2012లో వేలం పోయి లాటరీ వచ్చింది. అప్పుడు పేదరికాన్ని వాడుకున్నరు. ఇప్పుడు రిజర్వేషన్ గూడ వాడుకుంటున్నరు.

మన సంఘంలనే దీని మీద రెండు మాటలున్నయి, దాచి లాభం లేదు. రాష్ట్రంల మనం 2011 లెక్కల ప్రకారం 15 శాతానికి పైన ఉన్నం, షాపులు పదే ఇచ్చిండ్రు, జనాభా లెక్కన ఇయ్యాలని కొందరు కార్యకర్తలంటున్నరు. వ్యాపారం అగ్రకులాల సొత్తా, దళితుడు గల్లపెట్టె ముందట కూసుంటే తప్పా అని అడుగుతున్నరు. తప్పు గాదు. నూరేండ్లు మనల్ని అంగడి గడప ఎక్కనియ్యలేదు, ఆ గడప ఎక్కే హక్కును వదులుకోమని మేము చెప్పం. ఇంకో మాట భాగ్యరెడ్డివర్మ నాటిది. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిన ఆ పెద్దమనిషి హైదరాబాదు వాడలల్ల తాగుడు మానమని, జోగినీ దురాచారం పోవాలని తిరిగిండు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌ల బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలల్ల మత్తు తీసుకోనన్నది గూడ ఒకటి. ఆ ప్రతిజ్ఞ ఎవరూ అడగకముందే దూబగుంట ఆడోళ్లు చేసి చూపిచ్చిండ్రు. 1983లో వారుణివాహిని పేరుతోని సర్కారే సారా పాకెట్లు ఊరూరికి పంపింది. మా నాయిన తాగి పారేసిన పాకెట్లల్ల నీళ్లు నింపి మేము ఆడుకున్నం. ఆ సారాను 1993 అక్టోబరు 1న బంద్ చేయించింది నెల్లూరు జిల్లా పల్లెల కూలి ఆడోళ్లు. 1995ల వచ్చిన పూర్తి నిషేధాన్ని రెండేండ్లకే 1997ల ఎత్తేసిండ్రు. ఖజానా ఖాళీ అయిందన్నరు.

నా మాట ఇది, సంఘంల ఒప్పుకోనోళ్లుంటే వచ్చే సంచికకు రాయండ్రి. షాపు మనోడే నడిపితే, పెట్టుబడి సర్కారే అప్పుగ ఇస్తే, ఊరికి పెట్టెలు దించకుండ నడిపే తీరుగ ఫీజు తగ్గిస్తే, అప్పుడు హక్కు గురించి కొట్లాడుదాం. ఇయ్యాల జరిగేది హక్కు గాదు. మన పేరును కిరాయికి తీసుకునుడు. మందుల దుకాణం, ఎరువుల దుకాణం అని చెప్పిన మాట ఏమైందో ముందు అడగాలె. సీసా ఒక్కటే మన వాటాకు ఎందుకొచ్చిందో అడగాలె.

పిలగాడా, నీకు చెప్పాల్సింది ఇంకోటున్నది. కాగితం మీద లైసెన్సుదారువు నువ్వు. ఆయన గాదు. ఫీజు కిస్తీ తప్పితే నోటీసు నీ పేరునే వస్తది. పన్నుల లెక్క నీ పాన్ కార్డు మీదనే పడుతది. షాపుల కల్తీ దొరికితే, ఎక్కువ ధర తీసుకున్నరని కేసైతే, ముందు రాసే పేరు నీది. రేపు ఏ పథకానికి దరఖాస్తు పెట్టినా ఏడాదికి కోట్ల వ్యాపారం చేసేటోనివి నీకెందుకంటరు. నెలనెలా ఇస్తనన్న పైసలకు కాగితం లేదు. అడిగితే ఆయన ఇంటి అరుగు కింద నిలబడి అడగాలె. నీ తాత అట్లనే నిలబడ్డడు.

ఇప్పటికే సంతకం పెట్టినోళ్లు మన మూడు జిల్లాల్లో ఉన్నరు. వాళ్లను దొంగలన్నట్టు చూడకుండ్రి, వాళ్లతోని కూసొని మాట్లాడుండ్రి. ఏం రాసుకున్నరు, ఎవరెవరు సాక్షులు, బ్యాంకు ఖాతా ఎవరి చేతిల ఉన్నది, చెక్కుల మీద ఖాళీగ సంతకాలు తీసుకున్నరా, ఇవన్నీ అడగండ్రి. కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఎక్సైజ్ అధికారికి అర్జీ పెట్టి ఎస్సీ రిజర్వుడు షాపుల జాబితా, లైసెన్సుదారుల పేర్లు తీసుకోండ్రి. తర్వాత ఆ షాపుకు పోయి కౌంటర్ల ఎవరు కూసున్నరో చూడండ్రి.

ఇంకోటి. ప్రతి సీసా మీద హోలోగ్రాం లేబుల్ ఉంటది. ఆ సీసా ఏ డిపో నుంచి ఏ షాపుకు పోయిందో ఆ నెంబరు చెప్తది. ఎక్సైజోళ్లు మన వాడల బెల్టు షాపు మీద పడ్డప్పుడు సీసాలు పట్టుకపోయేముందు ఆ నెంబర్లు రాసుకోండ్రి, పంచనామాల రాయమని గట్టిగ అడగండ్రి. కేసు ఆ ఆడమనిషి కాడనే ఎందుకు ఆగింది, పెట్టె దించిన వైన్స్ దాకా ఎందుకు పోలేదని అర్జీ పెట్టండ్రి. ఆ నెంబర్లు, తారీకులు, ఊరి పేరు మన పత్రికకు పంపండ్రి. మనుషుల పేర్లు వద్దు.

మా పిలగాడు మళ్లా ఇంకా రాలేదు. వాళ్ల ఊరికి పోయే మన కార్యకర్త చేతికి ఈ సంచిక రెండు ఎక్కువ ఇచ్చి పంపుతున్నం.